తపాలా బిళ్ళ వెనకవైపు

ఎవరైనా మన చేతిలో తపాలా బిళ్ళ పెడితే ముందు బొమ్మ చూస్తాం. ఏ దేశానిది, ధర ఎంత, బొమ్మలో ఉన్నదెవరు అని చూస్తాం. స్టాంపుల సేకరణలో తల పండినవాళ్ళు మాత్రం దాన్ని ముందుగా వెనక్కి తిప్పుతారు. ట్వీజర్లతో అంచు పట్టుకుని, దీపం వెలుతురు ఏటవాలుగా పడేలా కొంచెం వంచుతారు. వెనకవైపు బంక మీద మెరుపు ఈ చివర నుంచి ఆ చివరికి ఎక్కడా తెగకుండా జారిపోతే సరే. మధ్యలో తెగిందంటే అక్కడ ఏదో జరిగిందన్నమాట. ఎవరి వేలో తడిగా తగిలి ఉండాలి, లేదా ఎప్పుడో ఆల్బమ్‌కి అంటించి పీకి ఉండాలి, లేదా ఏదో ఒక వానాకాలం బీరువాలో చెమ్మ పట్టి ఉండాలి.

ముద్ర పడని, ఉత్తరం మీదికి ఎక్కని స్టాంపునే మింట్ స్టాంపు అంటాం. పోస్టాఫీసు కౌంటరు దగ్గర షీటులోంచి చింపి మన చేతిలో పెట్టినప్పుడు ఎలా ఉందో, యాభై ఏళ్ళ తరవాత కూడా అలాగే ఉండాలి. వాడిన స్టాంపుతో ఇంత బాధ లేదు. నీళ్ళలో నానబెట్టి కవరు నుంచి విడదీసినప్పుడే దాని బంక పోయింది. మిగిలింది కాగితం, సిరా. మింట్ స్టాంపు సంగతి వేరు. తడి తగలగానే కరిగి అంటుకోవడానికే పుట్టిన పదార్థం దాని వీపున ఉంది. ఆ పదార్థానికి జన్మలో తడి తగలకుండా, అది దేనికీ అంటుకోకుండా మనం కాపాడాలి. ఈ పూట నేను చెప్పబోయేది చాలావరకు ఆ బంక గురించే. స్టాంపు దాచడమంటే ముప్పాతిక వంతు గాలిలో తేమను కనిపెట్టుకుని ఉండడమేనని నా గట్టి నమ్మకం.

బంక అంత ముఖ్యమా అని సందేహం రావచ్చు. అమెరికా తపాలా శాఖ 1918 మే నెలలో విమాన తపాలా కోసం 24 సెంట్ల స్టాంపు వేసింది. ఎర్రటి చట్రం మధ్యలో నీలం రంగులో జెన్నీ అనే విమానం. ఒక షీటులో ఆ విమానం తలకిందులుగా అచ్చయింది. ఆ షీటుని వాషింగ్టన్‌లో విలియం రోబీ అనే ఆయన పోస్టాఫీసులో 24 డాలర్లిచ్చి కొన్నాడు. అందులో ఉన్నవి 100 స్టాంపులు. ఇన్వర్టెడ్ జెన్నీ అని ప్రపంచమంతా పిలిచేది వీటినే. షీటు చేతులు మారింది, తరవాత ముక్కలై అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళలో చాలామంది ఆ కాలపు అలవాటు ప్రకారం వాటిని ఆల్బమ్‌లలో అంటించుకున్నారు. షీటులో 49వ స్థానంలో ఉన్న స్టాంపుని కొన్న కుటుంబం మాత్రం దాన్ని బ్యాంకు వాల్టులో పెట్టేసింది. దానికి వెలుతురు సోకలేదు, వెనక ఏదీ అంటించలేదు. నూరేళ్ళ తరవాత, 2018లో వేలానికి వచ్చినప్పుడు 15 లక్షల 90 వేల డాలర్లకు పైగా పలికింది. 2023లో మళ్ళీ వేలానికి వస్తే 20 లక్షలు దాటింది. బొమ్మ అన్నిటికీ ఒకటే. ఈ స్టాంపు అంచుల మధ్య చక్కగా కుదిరింది, రంగు తాజాగా ఉంది, వెనక బంక 1918లో ఉన్నట్టే ఉంది. ఆ ధరంతా వీటికే.

ఇంతకీ ఈ బంక ఏమిటి? పాతకాలపు స్టాంపులకు ఎక్కువగా వాడింది గమ్ అరబిక్. ఆఫ్రికాలో సూడాన్ ప్రాంతాల్లో పెరిగే తుమ్మ జాతి చెట్ల నుంచి కారే బంక అది. మన పొలం గట్ల మీద నల్లతుమ్మ కాండానికి గడ్డకట్టి కనిపించే తుమ్మబంకకి దగ్గర చుట్టం. చిన్నప్పుడు పుస్తకాలకు అట్టలు వేయడానికి తుమ్మబంక నానబెట్టినవాళ్ళకి దాని గుణం బాగా తెలుసు. నీళ్ళలో ఇట్టే కరుగుతుంది, ఆరితే పెళుసెక్కుతుంది. పిండిపదార్థం నుంచి తీసే డెక్స్‌ట్రిన్ కూడా చాలా దేశాలు వాడాయి. బ్రిటన్ 1968 నుంచి పీవీఏ అనే కృత్రిమ బంకకి మారింది. దానికి మెరుపు దాదాపు ఉండదు, కాగితాన్ని అంతగా లాగదు. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్ళు ఆ స్టాంపుల వెనకవైపు చూసి బంక లేదనుకుని వదిలేస్తుంటారు. వదలకండి, బంక ఉంటుంది.

గమ్ అరబిక్ గాలిలో తేమను పీలుస్తుంది. వానాకాలంలో వేయించిన అప్పడాన్ని పళ్ళెంలో వదిలేస్తే కాసేపట్లో మెత్తబడ్డట్టు, ఈ బంక మన ఒంటికి తెలియని చెమ్మకే మెత్తబడుతుంది. నీటిచుక్క పడనక్కర్లేదు. మెత్తబడ్డాక దాన్ని ఏది ఆనుకుని ఉంటే దాన్ని పట్టుకుంటుంది. మళ్ళీ వేసవి వడగాలికి బిగుసుకుని కాగితాన్ని లాగుతుంది, స్టాంపు చుట్టలు చుట్టుకుంటుంది. మరీ ఎండితే బంకలో సన్నని పగుళ్ళు వస్తాయి, ఆ పగుళ్ళ వెంట కాగితమూ చిట్లుతుంది. ఏటేటా ఈ రెండు దెబ్బలూ తప్పని వాతావరణం మనది. ఎక్కడో చలిదేశంలో రాసిన పుస్తకంలోని సలహాలు మచిలీపట్నంలోనో కాకినాడలోనో యథాతథంగా పనిచేయవు.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పాత ఇంట్లో, పెద్దాయన కాలం చేశాక, ఆయన స్టాంపులు దూర్చి దాచుకున్న స్టాక్‌బుక్కులు చూడమని వాళ్ళ అమ్మాయి నన్ను పిలిచింది. "నాన్నగారు వీటిని మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు బాబాయిగారూ. బీరువా కింది అరలో, పట్టుచీరల కింద భద్రంగా పెట్టించారు" అంది. పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉన్నాయి. పైన చీరల బరువు. పై పుస్తకం తీసి అట్ట తెరవగానే చిటపటమని సన్నని చప్పుడు వచ్చింది. బంక పట్టుకున్న పారదర్శక పట్టీ నుంచి విడిపోతున్న చప్పుడది. అక్కడే ఆపేశాను. తెరిచినంత మేరలో 1948 నాటి గాంధీ స్టాంపు ఒకటి కనిపించింది. బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో ఉండే పన్నెండణాల బిళ్ళ. బాపూ ముఖం ముందువైపు ఎంత నిర్మలంగా ఉందో చెప్పలేను. వెనకవైపు నల్ల కాగితానికి అతుక్కుపోయింది. అంచున చిల్లుల వల్ల ఏర్పడే పెర్ఫరేషన్ పళ్ళ చివర్లు గోధుమరంగుకి తిరిగాయి. "నీళ్ళు చిలకరిస్తే వచ్చేస్తుందా?" అని అడిగింది. "స్టాంపు వస్తుందమ్మా, బంక రాదు" అన్నాను. చెమ్మ పెట్టెలో ఉంచి నిదానంగా విడదీసే పద్ధతి ఒకటుంది. అందులోనూ బంక యథాస్థితిలో దక్కడం అరుదే.

ఆ గాంధీ సెట్టు గురించి కొంచెం చెప్పాలి. స్వాతంత్ర్యానికి ఏడాది నిండిన రోజున, 1948 ఆగస్టు 15న విడుదలైంది. ఒకటిన్నర అణా, మూడున్నర అణాలు, పన్నెండణాలు, పది రూపాయలు, మొత్తం నాలుగు బిళ్ళలు. స్విట్జర్లాండ్‌లో కూర్వాజియే అనే ముద్రణ సంస్థ అచ్చువేసింది. పది రూపాయలంటే ఆ రోజుల్లో పెద్ద మొత్తం. ఉత్తరానికి వాడకుండా ఊరికే దాచుకోవడానికి అంత డబ్బు పెట్టగలిగినవాళ్ళు కొద్దిమందే. అందుకే మచ్చలేని పది రూపాయల మింట్ బిళ్ళకి ఇవాళ అంత గిరాకీ. గిరాకీ ఉన్నచోట మోసమూ ఉంటుంది. బంక పోయిన స్టాంపుకి వెనక కొత్త బంక పూసి మింట్ అని అమ్ముతారు. పదింతలు పెద్దగా చూపించే భూతద్దంతో పెర్ఫరేషన్ పళ్ళ చివర్లు చూస్తే దొరికిపోతారు. అసలు స్టాంపుకి బంక పూశాకే చిల్లులు వేస్తారు కాబట్టి పళ్ళ చివర కాగితపు నూగు మెత్తగా, విడివిడిగా ఉంటుంది. తరవాత పూసినదైతే బంక పళ్ళ సందుల్లోకి దిగి ఆ నూగు బిగుసుకుపోయి, గట్టిగా ఉంటుంది. నన్నడిగితే, హింజు మచ్చ ఉన్నా అసలు బంక ఉన్న స్టాంపే మేలంటాను. కొత్త బంక పూసినదాన్ని నా ఆల్బమ్‌లోకి రానివ్వను.

హింజు అంటే తెలియనివాళ్ళ కోసం ఒక మాట. పలచని గ్లాసిన్ కాగితపు ముక్కకి ఒకవైపు బంక రాసి మడుస్తారు. ఒక మడత స్టాంపు వెనక, రెండో మడత ఆల్బమ్ పేజీకి తడిపి అంటిస్తారు. మన తాతల కాలంలో అందరూ చేసింది ఇదే, ఎవరూ తప్పు పట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత సేకరణదారుల అభిరుచి మారింది. హింజు తగలని స్టాంపుకి వేరే ధర, తగిలినదానికి వేరే ధర స్థిరపడ్డాయి. అందుకని వందేళ్ళ నాటి స్టాంపుకి హింజు మచ్చ ఉంటే చిన్నబుచ్చుకోవద్దు. కొత్తగా తెచ్చుకున్న మింట్ స్టాంపుకి మాత్రం హింజు వేయవద్దు.

వాటికి మౌంట్లున్నాయి. జర్మనీవాళ్ళ హవిడ్ మౌంట్లు మన దగ్గరా పేరున్నవే. వెనక నల్లటి పొర, ముందు పారదర్శక పొర, మధ్యలో స్టాంపు. మౌంటు వెనక ఉన్న బంక పేజీకి అంటుతుంది, స్టాంపుకి ఏదీ అంటదు. ఇక్కడొక జాగ్రత్త. మౌంటు అంటించేటప్పుడు పైఅంచున కాస్త తడి చాలు. మొత్తం తడిపేస్తే ఆ నీరు అంచుల నుంచి లోపలికి పాకి, స్టాంపు మౌంటులోనే అంటుకుపోతుంది. ముందు మౌంటు అంటించి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ తరవాత ట్వీజర్లతో స్టాంపు లోపలికి జారవిడవడం నా పద్ధతి. మౌంటు స్టాంపు కంటే వెంట్రుకవాసి పెద్దదిగా ఉండాలి. బిగుతుగా దూరిస్తే పళ్ళు వంగిపోతాయి.

పేజీ తిప్పితే పర్సుల్లా కనిపించే చవక ప్లాస్టిక్ కవర్లు బజారులో ఎన్నో దొరుకుతాయి. ముక్కుకి ఘాటుగా ప్లాస్టిక్ వాసన కొడితే అది పీవీసీ అనుకోండి. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన రసాయనాలు ఏళ్ళు గడిచేకొద్దీ బయటికి వచ్చి స్టాంపుకి జిడ్డు పట్టిస్తాయి, సిరాని లాగేస్తాయి. పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ అని రాసి ఉన్నవి నిక్షేపంగా కొనవచ్చు. ఫొటోలు అంటించే జిగురు పేజీల ఆల్బమ్, సెల్లోటేపు, లామినేషన్, ఇవి మూడూ మింట్ స్టాంపుకి మృత్యువే. లామినేట్ చేసిన స్టాంపుల్ని ఫ్రేము కట్టించి గర్వంగా గోడకి తగిలించినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళినప్పుడు నాకు నోట మాట రాదు.

కలరా ఉండలు, అంటే నాఫ్తలీన్ బిళ్ళలు, బీరువాలో వేయడం మన ఇళ్ళలో తరతరాల అలవాటు. ఆ ఆవిరికి పాలీస్టైరిన్‌తో చేసిన మౌంట్లు మెత్తబడతాయి. స్టాంపుల అరలో అవి వద్దు. సిల్వర్‌ఫిష్ పురుగుకీ బొద్దింకకీ బంక ఇష్టమైన తిండి, నిజమే. వాటికి మందు అర శుభ్రంగా, పొడిగా, గాలి ఆడేలా ఉంచడమే. బీరువాని బయటి గోడకి ఆనించి పెట్టకండి. జానెడు ఎడం వదలండి. స్టాంపులకి కింది అర వద్దు, నడుమ అర కేటాయించండి. పుస్తకాలు నిలబెట్టి ఉంచాలి, వాటి మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. పడుకోబెడితే పై పేజీల బరువంతా కింది స్టాంపుల మీదే.

ఇక తేమ. హైగ్రోమీటర్ అని చిన్న పరికరం కొద్ది వందల రూపాయలకే దొరుకుతుంది. అరలో ఒకటి పెట్టుకోండి. 50 శాతం దగ్గర తేమ ఉంటే స్టాంపుకి హాయి. 65 దాటి రోజుల తరబడి నిలిచిందంటే బూజుకి దారి తెరిచినట్టే. పళ్ళ చివర, బంక మీద వచ్చే గోధుమరంగు మచ్చల్ని మనవాళ్ళు రస్ట్ అంటారు. పేరు రస్ట్ అయినా చాలావరకు శిలీంధ్రం చేసే పని అది. పక్క స్టాంపులకీ పాకుతుంది. మచ్చ కనిపించిన స్టాంపుని ఆ రోజే విడిగా వేరే కవరులోకి మార్చండి. బ్లీచింగు మందులతో కడగమని చెప్పేవాళ్ళుంటారు. మింట్ స్టాంపుని కడిగితే ఇంకేం మిగులుతుంది?

సిలికా జెల్ పొట్లాలు మంచివే. తేమ పట్టగానే నీలం నుంచి గులాబీ రంగుకి తిరిగే రకం గింజలు ఉంటాయి. వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. గింజలు స్టాంపుని తాకకూడదు. పొట్లాలు మరీ ఎక్కువ వేసినా ముప్పే, గాలి ఎండిపోయి బంక పగులుతుంది. హైగ్రోమీటర్ 40 కంటే కిందికి దిగితే ఒక పొట్లం తీసేయండి. గ్లాసిన్ కాగితాలు మధ్యలో వేసి పూర్తి షీట్లు దాచుకునేవాళ్ళు ఆ కాగితాల్ని కొన్నేళ్ళకోసారి మార్చాలి. అవీ తేమ పీలుస్తాయి, పసుపెక్కుతాయి.

శ్రావణ భాద్రపదాల్లో, ముసురు పట్టిన రోజుల్లో ఆల్బమ్ తెరవకండి. తెరిస్తే ఆ తడిగాలిని పేజీల మధ్య పెట్టి మూసినట్టే. వానలు పూర్తిగా వెలిసి, ఉత్తరపు గాలి మొదలయ్యాక పొడి రోజు చూసుకుని ప్రతి పుస్తకాన్నీ బయటికి తీయండి. నీడపట్టున, ఫ్యాన్ గాలి తగిలీతగలనట్టు ఉండేలా నిలబెట్టి పేజీలు విప్పండి. ఎండలో మాత్రం పెట్టవద్దు. గులాబీ, ఊదా ఛాయలు ఎండకి ముందుగా వెలిసిపోతాయి. రాత్రి ఏసీ వేసి పగలు ఆపే గదిలో స్టాంపులుంచడం కంటే ఏసీ లేని పొడి గది మేలు. చల్లబడ్డ పుస్తకాన్ని ఉక్కగాలిలోకి తెస్తే దాని మీద చెమ్మ పేరుకుంటుంది. ఆ అమెరికా కుటుంబంలాగా బ్యాంకు లాకరులో పెడదామనుకుంటే, ముందు ఆ లాకరు గది ఏ అంతస్తులో ఉందో చూడండి. నేలమాళిగలో ఉంటే సిలికా జెల్ వేసిన గాలిచొరని డబ్బాలో పెట్టి, ఏటా వెళ్ళి చూసి రావాలి.

అన్ని బంకలూ కాపాడదగ్గవి కావు. జర్మనీ 1935లో కోనిగ్స్‌బర్గ్ నగరంలో ఆస్ట్రోపా అనే స్టాంపుల ప్రదర్శనకి ఒక మినియేచర్ షీటు వేసింది. దాని బంకలో గంధకామ్లం ఉంది. అది దాచినకొద్దీ కాగితాన్ని తినేస్తుంది. అందుకని ఆ ఒక్కదాని విషయంలో బంక కడిగేసి దాచుకోవడమే సరైన పనిగా సేకరణదారులు ఒప్పుకున్నారు. అమెరికా 1974లో క్రిస్మస్‌కి తెచ్చిన తన మొట్టమొదటి స్వయంగా అంటుకునే స్టాంపు కథ కూడా ఇలాంటిదే. దాని జిగురు కాగితంలోకి ఇంకి, స్టాంపుల ముఖాన గోధుమరంగు మరకలు తెచ్చింది. ఇలాంటి స్టాంపుల్ని వెనక కాగితం నుంచి ఒలవకుండా అలాగే ఉంచండి. అంతకు మించి మన చేతిలో ఏమీ లేదు.

మన దేశం 2006లో గంధం వాసన స్టాంపు, ఆ మరుసటి ఏడు గులాబీ, 2008లో మల్లె, 2017లో కాఫీ వాసన స్టాంపులు తెచ్చింది. వీటిని విడిగా ఉంచాలి, వాసన కోసం పదేపదే రుద్దకూడదు. 2011లో ఖాదీ బట్ట మీద అచ్చువేసిన గాంధీ స్టాంపు బట్ట కాబట్టి మడత పడకుండా అట్ట మీద చాచి ఉంచాలి.

ఇదంతా లక్షలు పలికే బిళ్ళల కోసమేనా అని అడుగుతారు. నా బెంగ వాటి గురించి కాదు. వాటిని ఎవరో ఒకరు కాపాడతారు. 1961లో వచ్చిన త్యాగరాజస్వామి స్టాంపు, 1972 టంగుటూరి ప్రకాశం పంతులుగారిది, 1986 అల్లూరి సీతారామరాజుది, ఇవి పెద్ద ధర పలికేవి కావు. అందుకే ఎవరూ పట్టించుకోరు. బంక తెల్లగా ఉన్నవి కావాలని వెతికితే తెలుస్తుంది, దొరకడం ఎంత కష్టమో. నిజాం తపాలా శాఖ 1869 నుంచి 1950 దాకా సొంత స్టాంపులు వేసింది. 1931 వరుసలో అణా బిళ్ళ మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్ ఉన్నాయి. హైదరాబాద్ పాత ఇళ్ళలో అవి ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని పుస్తకాల పేజీల మధ్య, కొన్ని రేకు పెట్టెల్లో.

సేకరణ చేసే పెద్దలకి ఒక విన్నపం. మీ తరవాత ఆ ఆల్బమ్ తెరిచేవాళ్ళకి స్టాంపుల గురించి ఏమీ తెలియకపోవచ్చు. స్టాంపు కనపడగానే నీళ్ళలో వేసి ఆరబెట్టాలని వాళ్ళు బడిలో నేర్చుకుని ఉంటారు. అందుకని ప్రతి స్టాక్‌బుక్ మొదటి పేజీలో ఒక కాగితం పెట్టండి. ఇందులో ఉన్నవి మింట్ స్టాంపులని, వీటిని తడపకూడదని, చేత్తో ముట్టుకోకూడదని, వానాకాలంలో తెరవకూడదని పెద్ద అక్షరాలతో తెలుగులోనే రాయండి. ఏ పేజీలో ఏముందో, ఎప్పుడు ఎంతకి కొన్నారో కింద జాబితా వేయండి. ఇంట్లో ఎవరికో ఒకరికి ఆ కాగితం చూపించి, ఒక్కసారి చదివి వినిపించండి.